జర్మనీల వేబర్, మరి సిరిసిల్లల ఎవరు? మన ఇంటిపేర్లు పుట్టిన కథ, పోయిన దారి

వీడియో మొదలు పెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఆధార్ ఫోటోనో, పాస్‌పోర్ట్ ఫోటోనో ఫోన్‌ల ఉంటది కదా, ఒకసారి తీయండి. అందుల మీ ఇంటిపేరు పూర్తిగా ఉందా? లేకపోతే ఒక్క అక్షరం, దాని పక్కన చుక్క, అంతేనా? కొందరికి ఆ అక్షరం కూడా ఉండదు. ఇది చిన్న విషయం లెక్క కనిపిస్తది. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి బయటికి పోయే పిల్లలకు ఈ ఒక్క ఖాళీ గడి చాలా ఖరీదైన విషయం. అది ఎందుకో చివర్ల చెప్త. ముందు అసలు ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. దానికోసం మనం ఒకసారి జర్మనీ పోయి రావాలి.

జర్మనీల బాగా ఎక్కువగా వినిపించే ఇంటిపేర్లు మ్యూలర్, ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వేబర్. ఇవన్నీ పనుల పేర్లే. మ్యూలర్ అంటే పిండిమర నడిపేటాయన. ష్మిట్ అంటే కమ్మరి. ష్నైడర్ అంటే దర్జీ. ఫిషర్ అంటే చేపలు పట్టేటాయన. వేబర్ అంటే బట్ట నేసేటాయన. సోషియాలజీ చదివినోళ్లకు మాక్స్ వేబర్ తెలుసు కదా, ఆయన ఇంటిపేరుకు అర్థం 'నేతగాడు' అనే.

ఇప్పుడు సిరిసిల్లకు రండి. మరమగ్గాల ఊరు. వాడలకు వాడలు పద్మశాలీల ఇండ్లు. మరి నేత పని మీద వచ్చిన ఇంటిపేర్లతోని సిరిసిల్ల నిండిపోవాలి కదా? అట్ల లేదు. ఇక్కడ మీకు ఆడెపు, గాజుల, గడ్డం, వేముల, కోడం, సామల, చిలుక, బూర, దూస లాంటి పేర్లు వినిపిస్తయి. గాజులు ఉన్నయి, గడ్డం ఉన్నది, చిలుక ఉన్నది. మగ్గం, నూలు, కండె మాత్రం ఇంటిపేర్లల దొరకడం తక్కువ. ఎందుకు?

కొంచెం ఆలోచిస్తే కారణం అర్థమైతది. పేరు పెట్టేది ఒకరిని ఇంకొకరి నుంచి వేరు చేసి చెప్పడానికి. జర్మనీల 12వ శతాబ్దం నుంచి పట్టణాలు పెరిగినయి. ఎక్కడ చూసినా యోహానెస్‌లే. పన్నుల చిట్టాల, భూమి కాగితాల ఏ యోహానెస్ అని రాయాలి? రైతుల ఊర్ల ఒక్క యోహానెస్ బట్ట నేస్తడు, కాబట్టి ఆయన యోహానెస్ వేబర్. ఆ ఊర్ల నేత పని ఆయనకు గుర్తు. కానీ వాడంతా నేసేటోళ్లే ఉన్న కాడ 'నేతగాడు' అని పిలిస్తే పది మంది తలకాయలు తిప్పుతరు. అది గుర్తు కాదు.

ఇంకో కారణం కూడా ఉన్నది. మన దగ్గర పని పేరు అప్పటికే కులం పేరుకు పోయింది. శాలి, కమ్మరి, కుమ్మరి, మంగలి, ఇవన్నీ కులాల పేర్లయినయి. అందుకే ఇంటిపేరు పని కాకుండా ఇంటిని చూపించింది. ఇంటి ముందర వేప చెట్టు ఉంటే వేముల. వేము అన్నా వేప అన్నా ఒకటే. చింతల, తాటి, మామిడి కూడా అట్లాంటివే. గడ్డం అంటే ఏ తాతకో మంచి గడ్డం ఉండొచ్చు. కొన్ని పేర్లల పూర్వీకుని పేరే ఉంటది. డాక్టర్ సి. నారాయణరెడ్డి గారిది మన వేములవాడ దగ్గరి హనుమాజీపేట. 1931ల పుట్టిండ్రు, 1988కి జ్ఞానపీఠం వచ్చింది. ఆయన ఇంటిపేరు సింగిరెడ్డి. అచ్చం ఒక మనిషి పేరు లెక్కనే ఉన్నది కదా.

వేములవాడ అంటే ఇంకో ఇంటిపేరు గుర్తొస్తది, చెన్నమనేని. చెన్నమనేని రాజేశ్వర్‌రావు గారు, విద్యాసాగర్‌రావు గారు ఇద్దరు అన్నదమ్ములు, ఒకాయన కమ్యూనిస్టు పార్టీ, ఒకాయన బీజేపీ. ఆ పేరు చివర ఉన్న 'నేని' అనేది నాయని, నాయుడు అనే మాటలకు దగ్గరి చుట్టం. రాజేశ్వర్‌రావు గారి కొడుకు రమేశ్ గారు జర్మనీల చదివి, అక్కడ పని చేసి వచ్చిండ్రు. ఆయన పౌరసత్వం కేసు మీకందరికీ తెలిసిందే, అది వేరే ముచ్చట. మన ముచ్చట ఏందంటే, మానేరు పక్కన పుట్టిన ఇంటిపేరు వేబర్‌ల దేశం దాకా పోయింది.

ఇప్పుడు ఊరి పేర్లు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. ఇంటిపేరు 'కోరుట్ల' అని ఉన్నాయన ఎక్కడుంటడు అనుకుంటున్నరు? కోరుట్లల కాదు! కోరుట్లల ఉన్నోళ్లంతా కోరుట్లోళ్లే, అక్కడ ఆ పేరుతోని ఎవరినీ గుర్తు పట్టలేం. కోరుట్ల ఇడిచిపెట్టి వేరే ఊరికి పోతే, అక్కడోళ్లు "గా కోరుట్లోళ్ల ఇల్లు" అంటరు. అట్ల అంటనే అంటనే అది ఇంటిపేరు అయితది. అంటే ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు మీ పూర్వీకులు ఉన్న ఊరిని కాదు, ఇడిచిపెట్టి వచ్చిన ఊరిని చెప్తది. జగిత్యాల, కోరుట్ల రెండూ నిజామాబాద్ లోక్‌సభ స్థానం కిందికే వస్తయి. అక్కడి ఎంపీ ధర్మపురి అర్వింద్ గారు. ఇంటిపేరేమో గోదావరి ఒడ్డున మన జగిత్యాల జిల్లాల ఉన్న ధర్మపురి, రాజకీయమేమో నిజామాబాద్.

జర్మనీల కూడా ఇదే లెక్క. పశ్చిమ జర్మనీ మొదటి చాన్సలర్ కోన్రాడ్ అడెనావర్. అడెనావ్ అనేది ఐఫెల్ కొండల్ల ఒక చిన్న ఊరు. 'అడెనావర్' అంటే అడెనావ్ ఆయన. కానీ ఆయన పుట్టింది కొలోన్ నగరంల. అక్కడ 'అర్' అని తోక తగిలిస్తరు, మన దగ్గర ఊరి పేరే ఉన్నదున్నట్టు పెట్టుకుంటరు. అంతే తేడా.

అంటే ఇంటిపేరు ఒక పాత మ్యాప్ అన్నట్టు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిన్రో అందుల దాచిపెట్టి ఉంటది. జర్మన్లు ఆ మ్యాప్‌ను నిజంగనే గీసిన్రు. ఫ్రైబుర్గ్, మైంజ్ యూనివర్సిటీల పరిశోధకులు 2005 నాటి ల్యాండ్‌లైన్ ఫోన్ల డేటా తీసుకొని, ఏ ఇంటిపేరు ఏ ప్రాంతంల ఎంత మందికి ఉన్నదో లెక్కపెట్టి, జర్మన్ ఇంటిపేర్ల అట్లాస్ అని పెద్ద పెద్ద పుస్తకాలు తెచ్చిన్రు. ఒకే పేరును ఉత్తరంల ఒక తీరు, దక్షిణంల ఒక తీరు రాస్తే, ఆ తేడా ఎక్కడ మారుతదో కూడా మ్యాప్ మీద కనబడ్తది.

మనం అట్ల గీద్దామంటే? కష్టం. ఏ లిస్టు తీసినా, కె. శ్రీనివాస్, జి. లక్ష్మి, బి. రాజేశం. 'కె' అంటే కోడమా, కుసుమనా, కటకమా? ఎవరికి తెల్వాలె? సినారె అనే మాటే చూడండి. అందుల 'సి' ఒక్కటే సింగిరెడ్డికి మిగిలింది. ఆ 'సి' దేనికి పొడి అక్షరమో ఎంత మంది చెప్పగలరు? కామెంట్లల నిజం చెప్పండి.

అయినా కొంత దారి దొరుకుతది. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు నుంచి మన నేత కుటుంబాలు భివండి, షోలాపూర్, ముంబై, సూరత్ పోయినయి. షోలాపూర్‌ల మీరు పేర్లు చదివితే ఒక తమాషా కనబడ్తది. అక్కడ మరాఠీ పద్ధతి. ముందు సొంత పేరు, తర్వాత నాయన పేరు, చివర ఇంటిపేరు. మన దగ్గర ముందర నడిచే ఇంటిపేరు అక్కడ వెనక్కి పోతది. షోలాపూర్ మాజీ ఎమ్మెల్యే నరసయ్య ఆడం గారిని తీసుకోండి. కార్మిక నాయకుడు, తెలుగు పద్మశాలి. వినంగనే 'ఆడం' అంటే ఇంగ్లిష్ పేరేమో, బైబిల్ పేరేమో అనిపిస్తది. కాదు, తెలుగు ఇంటిపేరు. ధర్మణ్ణ సాదుల్ గారు షోలాపూర్ ఎంపీగా చేసిండ్రు. మన 'సాదుల'కు చివరి అచ్చు రాలిపోయి 'సాదుల్' అయింది. మరాఠీ నోట్ల చివరి 'అ' నిలవదు. ఎముల అక్కడ ఎముల్ అయితది. మీకు షోలాపూర్‌లనో భివండిలనో 'ల్'తోని ఆగిపోయే ఇంటిపేరు ఆయన కలిస్తే, ఒకసారి తెలుగుల పలకరించి చూడండి.

ఇక్కడ ఒక చేదు ముచ్చట కూడా చెప్పాలె. మన దగ్గర "ఇంటిపేరేంది బాబు?" అనే ప్రశ్న రెండు తీర్ల వస్తది. పెండ్లి మాటలప్పుడు అడిగితే, ఒకే ఇంటిపేరు అయితే దాయాదులు, సంబంధం కలవదని చూసుకునేటందుకు. ఇంటిపేరు చేసిన పాత పని అదే. కానీ హైదరాబాద్‌ల కిరాయికి రూమ్ అడిగినప్పుడు ఇదే ప్రశ్న వస్తే దాని అర్థం వేరే. "మీదే కులం?" అని మర్యాదగా అడగడం. చాలా మంది పిల్లలు ఒక్క అక్షరం దగ్గరనే ఆగిపోయేది అందుకే. వాళ్లను తప్పు పట్టలేం.

కానీ ఇంటిపేరు పట్టుకొని కులం చెప్పగలం అనుకునేటోళ్లకు ఒక మాట. గడ్డం వెంకటస్వామి గారు, మన కాకా, పెద్దపల్లి ఎంపీగా చేసిండ్రు. గడ్డం రంజిత్‌రెడ్డి గారు చేవెళ్ల ఎంపీగా చేసిండ్రు. ఇద్దరూ గడ్డమే, ఒకే కులం కాదు. సిరిసిల్ల పద్మశాలీలల గడ్డం ఇంకొకటి. వేప చెట్టు అందరి ఇండ్ల ముందర మొలుస్తది, గడ్డం అందరికీ వస్తది. ఇంటిపేరు కులానిది కాదు, ఇంటిది.

ఇగ మొదట్ల చెప్పిన ఖాళీ గడి దగ్గరికి వద్దాం. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలల్ల గల్ఫ్‌కు పోని ఇల్లు ఎతికితే దొరకాలె. 2022 నవంబర్ 21 నుంచి యూఏఈ ఒక రూల్ పెట్టింది. పాస్‌పోర్ట్‌ల పేరు ఒకే మాట ఉండి, సర్‌నేమ్ గడినో గివెన్ నేమ్ గడినో ఖాళీగా ఉంటే, విజిట్ వీసా మీద రానియ్యమని. నాయన పేరో, కుటుంబం పేరో పాస్‌పోర్ట్ రెండో పేజీల ఉంటే నడుస్తదని తర్వాత ఎయిర్‌లైన్స్ చెప్పినయి. కానీ ఆలోచించండి. అప్పు చేసి టికెట్ కొన్న పిల్లగాడు శంషాబాద్ కౌంటర్ దగ్గర నిలబడితే, "నీ ఇంటిపేరు ఏది?" అని కంప్యూటర్ అడుగుతున్నది. తాత ముత్తాతల నుంచి ఇంటిపేరు ఉన్నది, కాగితం మీద లేదు.

అమెరికా పోయేటోళ్లకు వేరే తిప్పలు. పాస్‌పోర్ట్‌ల గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే, వీసా మీద ఆ గడిల 'ఎఫ్ఎన్‌యూ' అని కొడ్తరు. అంటే 'మొదటి పేరు తెలియదు' అని. అవ్వ ముద్దుగా పెట్టుకున్న పేరు పోయి సర్‌నేమ్‌ల కూసుంటది, సొంత పేరేమో 'తెలియదు' అయితది.

కోరుట్ల, జగిత్యాలల మన ముస్లిం దోస్తులకు ఇంకో తీరు. మహ్మద్, షేక్, సయ్యద్ అనేవి యూరప్ లెక్క ప్రకారం ఇంటిపేర్లు కావు. అయినా ఒక అన్న పాస్‌పోర్ట్‌ల అది సర్‌నేమ్ గడిల ఉంటది, తమ్ముని పాస్‌పోర్ట్‌ల గివెన్ నేమ్ గడిల ఉంటది. కాగితం చూసేటోనికి వాళ్లు ఒకే తల్లి పిల్లలని ఎట్ల తెల్వాలె? రెండు గడుల ఫారం తయారు చేసినోళ్లు వేబర్‌లను మనసుల పెట్టుకొని చేసిన్రు. మన పేర్లు ఆ గడులల్ల ఇరుక్కుంటున్నయి.

మరి ఏం చేయాలె? నాలుగు మాటలు చెప్త.

మొదటిది, టెన్త్ మెమో, ఆధార్, పాస్‌పోర్ట్, ఈ మూడింటిల ఇంటిపేరు పూర్తిగా, ఒకే స్పెల్లింగ్‌తోని ఉండాలె. గజ్జెలను ఒక కాడ చివర 'ఈ ఎల్ ఏ' అని, ఇంకో కాడ 'ఏ ఎల్ ఏ' అని రాస్తే మనకు ఒకటే, మెషీన్‌కు ఇద్దరు మనుషులు. టెన్త్ పిల్లలున్న ఇండ్లల్ల బడిల పేర్ల లిస్టు పంపే ముందరనే చూసుకోండి. తర్వాత సరిచేయడం ఆలస్యమైతది.

రెండోది, పాస్‌పోర్ట్‌ల సర్‌నేమ్ ఖాళీగా ఉంటే, టికెట్ కొన్నాక కాదు, కొనక ముందే రీ-ఇష్యూకు అప్లై చేయండి. రూల్స్ మారుతుంటయి, పోయే దేశం రూల్ ఎయిర్‌లైన్‌ను అడిగి తెలుసుకోండి. ఏజెంట్ మాట ఒక్కటే నమ్మొద్దు.

మూడోది, ఇంట్ల చిన్న పిల్లలుంటే. 2023 అక్టోబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్ట్ కావాలంటే పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెటే రుజువు. అందుల పేరు రాయించేటప్పుడు ఒక్క అక్షరంతోని సరిపెట్టకండి.

నాలుగోది, ఆడపిల్లల ముచ్చట. పెండ్లి అయితే ఇంటిపేరు మార్చుకోవాల్నని చట్టం ఎక్కడా చెప్పలేదు. మార్చుకుంటరా, ఉంచుకుంటరా, అది మీ ఇష్టం. కానీ సగం కాగితాలల్ల పుట్టింటి పేరు, సగం కాగితాలల్ల అత్తగారింటి పేరు ఉంటే తిప్పలు మీకే.

ఇంకొక్కటి, ఇది రూల్ కాదు, నా అడుగు. ఈ ఆదివారం ఇంట్ల అమ్మమ్మనో, తాతనో కూసోబెట్టి, "మన ఇంటిపేరు ఎట్ల వచ్చింది, మనం ఏ ఊరి నుంచి వచ్చినం?" అని అడగండి. ఫోన్‌ల రికార్డు చేసి పెట్టుకోండి. జర్మన్లకు టెలిఫోన్ డైరెక్టరీ పనికొచ్చింది. మన డైరెక్టరీ ఆ ముసలోళ్లే, వాళ్లున్నప్పుడే తెరిచి చదవాలె.

మీ ఇంటిపేరు, దాని వెనక మీ ఇంట్ల చెప్పుకునే కథ కామెంట్లల రాయండి. ఊరి పేరు మీద వచ్చినదైతే ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాల ఉన్నదో కూడా రాయండి. గల్ఫ్ పోయే దోస్తు ఎవరైనా ఉంటే ఈ వీడియో పంపండి, టికెట్ కొనక ముందే పంపండి. వచ్చే ఎపిసోడ్‌ల మళ్లీ కలుద్దాం. ఉంట మరి.