పూటీన్ పళ్లెరము

మన యూళ్లలో అన్నదానమనగా దాత వడ్డించును, ఆకలిగొన్నవాడు భుజించును. కెనడా దేశమున మాంట్రియల్ నగరములో మేము చూచిన దానమున దాతయే భుజించును. 2023 ఫిబ్రవరిలో మేము సకుటుంబముగా అచట బంధువుల యింట నుంటిమి. పిల్లల ఆసుపత్రి సహాయార్థము ఒక భోజనశాలవారు వింతవింత పూటీన్లు చేయుచున్నారని విని, ఒక సాయంకాలము మంచు త్రొక్కుకొనుచు పోయితిమి.

పేరు విని గొప్ప వంటకమనుకొనరాదు. వేయించిన బంగాళాదుంప ముక్కలు, వానిపై చీజు పలుకులు, ఆపైన పొగలు గ్రక్కు గ్రేవీ, అంతే. క్విబెక్ రాష్ట్రపు పాడిసీమలో 1950ల చివర ఇది పుట్టినది. 1957లో వార్విక్ అను ఊరిలో ఫెర్నాన్ లషాన్స్ అను హోటలు యజమాని, ఎవరో అడుగగా, దుంపలను చీజును ఒకే సంచిలో కలిపి, ఇదేమి కలగాపులగమని విసుగుకొనుచు ఇచ్చెనని చెప్పుదురు. గ్రేవీతో కలిపి 1964లో మొదట అమ్మినది మేమని డ్రమ్మండ్‌విల్ లోని మరియొక హోటలు వారందురు. ఆ తగవు తీరలేదు. తీరవలసిన అవసరమును మాకు కనబడలేదు. ఒకప్పుడు దీని పేరెత్తి క్విబెక్ వారిని గేలిచేసిన దేశమే నేడు దీనిని కెనడా వంటకమని చెప్పుకొనుట మాత్రము వారిలో కొందరికి కష్టముగా నున్నది.

చీజు తాజాదైనచో పంటి క్రింద కీచుమనును. పాలలోని మాంసకృత్తులు కాల్షియముతో పెనవేసికొని బిగువుగా నుండుటయే అందులకు కారణము. ఒకటి రెండు దినములైనచో బిగువు సడలును, కీచు పోవును. మా పిల్లలు దుంపలు మాని కీచులు లెక్కించుచు కూర్చుండిరి. మేము తిన్నది బటర్ చికెన్ పోసిన పూటీన్. రుచిగానే యున్నది, కాని మాటలలో పడినచో దుంపలు మెత్తబడిపోవును.

మా అమ్మగారు శాకాహారి. పుట్టగొడుగుల గ్రేవీ కలదని వడ్డించు అమ్మాయి మర్యాదగా చెప్పినది. "అన్నీ ఒకే మూకుట్లో వేయిస్తారా, అడుగు నాయనా" అనిరి అమ్మగారు. ఔనట. ఆమె టీతో సరిపెట్టుకొనిరి. తరువాత పళ్లెరము వెల అడిగిరి. 14 డాలర్లు, అందు ఆసుపత్రికి 2. "మిగతా పన్నెండూ?" దుంపలకు, అద్దెకు, జీతములకు అని చెప్పితిమి. ఆమె మరేమియు అనక, వాకిటనున్న డబ్బాలో 14 డాలర్లును వేయించిరి.

మాకు కొంచెము సిగ్గు కలిగిన మాట నిజము. అయినను, పూటీన్ లేనిచో ఆ చలిలో అందరిని గడప దాటించి తెచ్చునది ఏది? ఆ రాత్రి ఒక్క బల్లయు ఖాళీ లేదు. మేము లేచునప్పటికి వాకిట మరి నాలుగు కుటుంబములు నిలిచియుండెను.

దారిలో మా చిన్నవాడు ఆమె కొంగు పట్టుకొని అడిగినాడు: "నాయనమ్మా, రేపు కూడా దానం చేద్దామా?"