కుంభకర్ణుడని పిలిచే ముందు
(పుదుచ్చేరిలో సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

నేను డాక్టర్ని కాను, ఎంబీఏ చదివి లోన్లు చూసుకునేవాణ్ణి. అయినా ఒక జబ్బు గురించి చెప్పాలి.

బదిలీ మీద వచ్చినవాళ్ళం. పిల్లవాడు పగలంతా పడుకుంటే కొత్త ఊరు, కొత్త బడి, లేదా ఫోను అనుకుంటాం. చాలాసార్లు అదే నిజం. కానీ క్లైన్-లెవిన్ సిండ్రోమ్ అని ఒకటుంది. చాలా అరుదు, ఎక్కువగా టీనేజీ మగపిల్లలకు వస్తుంది, కొందరికి జ్వరం తర్వాత మొదలవుతుంది. రోజుకు 16 నుంచి 20 గంటల నిద్ర, రోజులు, వారాల తరబడి. లేపితే అయోమయం, చిరాకు, అంతా కలలా ఉందంటాడు. కొందరు ఆపకుండా తింటారు. ఆ తర్వాత మామూలే. కొన్ని నెలలకు మళ్ళీ మొదలు.

ఆ మామూలుగా ఉన్న రోజులు చూసే మనం ‘నాటకం’ అంటాం. కుంభకర్ణుడని పేరు పెడతాం. అది వాడి చేతిలో లేదు.

దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. మూర్ఛ, డిప్రెషన్ లాంటివి కావని డాక్టరు చూసుకోవాలి. అందుకే తేదీలు ముఖ్యం: ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు తేరుకున్నాడు, పాస్‌బుక్ ఎంట్రీల్లా రాసిపెట్టండి. ఆ కాగితంతో మన జిప్మర్‌లో న్యూరాలజీ వాళ్ళని కలవండి. చాలామందికి ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఈలోగా ఆ రోజుల్లో బండి తాళం మీ దగ్గరే ఉంచుకోండి. బడికి డాక్టరు సర్టిఫికెట్ ముందే ఇచ్చేయండి.