పండితయైన కుమార్తె
(శరన్నవరాత్రులలో మూలానక్షత్రం నాడు చేసిన ప్రసంగ పాఠం)



నేడు అమ్మవారు సరస్వతీ అలంకారంలో దర్శనమిస్తున్నారు. ఉదయం నుండి ఎందరో తల్లిదండ్రులు బిడ్డల చేత పలక పట్టించి అక్షరాభ్యాసం చేయిస్తున్నారు. ఈ శుభదినాన బృహదారణ్యకోపనిషత్తు నుండి ఒక విషయం మనవి చేస్తాను. ఆ ఉపనిషత్తు అనగానే గార్గి, మైత్రేయి జ్ఞప్తికి వస్తారు. సభలలో వారి పేర్లు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం సులభం. అంతగా ఎవరూ చెప్పనిది ఆరవ అధ్యాయంలో ఉన్నది. పండితయైన కుమార్తె కలగాలని, ఆమె పూర్ణాయుష్మంతురాలు కావాలని కోరే దంపతులు తిలలతో అన్నం వండించి, నేయి కలిపి భుజించాలని అక్కడ విధించారు. ఆడపిల్ల కావాలన్న కోరిక ఒకటి, ఆ పిల్ల పండిత కావాలన్న కోరిక మరొకటి.

శంకర భగవత్పాదులు తమ భాష్యంలో ఆ పాండిత్యం గృహతంత్రానికి సంబంధించినదని వివరించారు. ఆచార్యవాక్యం శిరోధార్యం. అయితే నేటి గృహతంత్రం అక్షరజ్ఞానం లేకుండా సాగుతుందా? కూలి లెక్క, బ్యాంకు పాసుపుస్తకం, పొదుపు సంఘం అప్పు, బిడ్డకు వ్రాసిన మందుచీటీ, పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక, ఇవన్నీ గృహతంత్రమే కదా! వీటిని చదవలేని ఇంట దారిద్ర్యం తల్లి నుండి కుమార్తెకు స్త్రీధనం వలె సంక్రమిస్తున్నది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికా పాఠశాల నెలకొల్పినది 1874లో. ఆ కాలంలో స్త్రీవిద్యకు ఎదురు చెప్పినవారిలో మా వంటి పండితులూ ఉన్నారు. అది దాచవలసిన సంగతి కాదు. నూటయాభై సంవత్సరాలు గడిచాయి. నేడు ఎదురు చెప్పేవారు లేరు గాని, పేద ఇంటి పిల్లకు చదువు మాత్రం నడుమనే తెగిపోతున్నది.

ఎట్లా తెగుతున్నదో చూడండి. గుంతకల్లు వైపు నుండి రైలులో మంత్రాలయం వెళ్లే భక్తులు ఆదోని దాటిన తరువాత కోసిగి అనే ఊరిని చూసే ఉంటారు. ఆ ప్రాంతమంతా వర్షాధారపు సేద్యం. వాన మొగం చాటేస్తే కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు వలస పోతాయి. మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సు అప్పటికే ఖర్చయి ఉంటుంది. మగపిల్లవానిని అవ్వ దగ్గర విడిచి వెళ్లే ఇంట కూడా ఆడపిల్లను వెంట తీసుకొని పోతారు. వంట చేయడానికి, చంటిబిడ్డను చూడడానికి, చేతనైతే కాయ కోయడానికి ఆమె కావాలి. తిరిగి వచ్చేసరికి పరీక్షలు ముంచుకొస్తాయి. పాఠాలు పోయిన పిల్ల బడికి పోవడానికి సిగ్గుపడుతుంది. అటుపైన పెండ్లి మాట వస్తుంది. ఆ తండ్రిని నిందించకండి. ఎదిగిన పిల్లను ఒంటరిగా ఎవరి ఇంట విడిచి వెళ్లాలన్నదే ఆయన భయం.

2009 నాటి విద్యాహక్కు చట్టం పద్నాలుగేండ్ల వరకు బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్య అన్నది. 2006 నాటి చట్టం పదునెనిమిదేండ్లు నిండనిదే ఆడపిల్లకు వివాహం కూడదన్నది. ఈ రెండింటి నడుమ మిగిలిన నాలుగేండ్లు ఎవరి పూచీ? నన్నడిగితే మనవంటి దాతల పూచీ అంటాను.

నిరుపేద బాలికలకు భోజన వసతులతో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004 నుండి నడుస్తున్నాయి. వలస వెళ్లేవారి పిల్లల కొరకు సీజనల్ హాస్టళ్లూ ఉన్నాయి. కాని దరఖాస్తు వ్రాసిపెట్టేవారు, తండ్రికి ధైర్యం చెప్పేవారు లేక వాటి గడప తొక్కని పిల్లలున్నారు. పుట్టినరోజులకు, పెండ్లిరోజులకు శాశ్వత అన్నదానానికి పైకం కట్టే పుణ్యాత్ములు ఇక్కడ ఎందరో ఉన్నారు. అన్నదానం మానమని నేననను, అపచారం! దానితోపాటు ఒక పిల్ల ఉన్నత పాఠశాలకు పోవడానికి బస్సు చార్జీ, లేదా ఒక సైకిలు, లేదా ఊరిబడిలో బాలికల మరుగుదొడ్డికి నీటి వసతి, వీటిలో ఏ ఒక్కటి మీ శక్తిలో ఉన్నా అది విద్యాదానమే.

ధనం లేనివారు కాలం ఇవ్వండి. పండుగ కాగానే మీ మీ ఊళ్లలో మేస్త్రీలు తిరగడం మొదలుపెడతారు. వారికంటే ముందు మీరు ఆ గుడిసెకు వెళ్లి, తల్లిదండ్రులతో కూర్చొని మాట్లాడి, పిల్ల పేరు హాస్టలు రిజిస్టరులో ఎక్కించి రండి.

స్వస్తి.