నీటిపంపు చెప్పిన మాట

మోటారుబండి క్రింద నీటిచుక్క కానరాగానే పంపు చెడినదని తలంపరాదు. చెడియున్నచో ఆ సంగతి దాచనురాదు. ఈ రెండవ తప్పు నేను చేసితిని.

ఇంజను వేడిమిని హరించుటకై నీటిని త్రిప్పునది యీ పంపు. అంబాసిడరు వంటి పాతబండ్లలో పంకా దీని యిరుసునకే బిగింపబడియుండును. ఇరుసు చుట్టునుండు సీలు అరిగినప్పుడు, కారిన నీరు బేరింగునకు చేరక వెలికి పోవుటకై పంపు అడుగున చిన్న రంధ్రముండును. మా పాతబండిలో ఆ రంధ్రము కారుచుండగా, నేను దానిని లక్కతో మూసితిని. కొన్నిదినములకు బేరింగు చెడి, పంకా రెక్క రేడియేటరును చీల్చెను. నాడు జ్వరముతో నున్న మనుమని వైద్యునికడకు గొంపోవుచుంటిని. నడిత్రోవలో నిలిచిపోయితిమి.

కావున, ఇంజను చల్లారిన పిమ్మటనే పరీక్షింపుడు. వేడిమీద రేడియేటరు మూత తీసినచో మరుగునీరు మొగమున జిమ్మును. ముందు రబ్బరుగొట్టముల బిగింపులను తడిమిచూడుడు. అవి పొడిగానుండి, పంపు అతుకున మాత్రమే తడియున్నచో గాస్కెట్టు మార్చిన చాలును. రంధ్రము క్రింద నీటిచార యున్నను, పంకాను కదల్చినపుడు ఇరుసు ఊగినను పంపునే మార్చవలెను.

నీరు దింపుడు. అందలి కూలెంటు విషము గనుక పశువులకు అందనీయకుడు. బెల్టును, పంకాను, పంపును విప్పి, పాత గాస్కెట్టును శుభ్రముగా గీకివేయుడు. క్రొత్తది పెట్టి, బోల్టులను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపుడు. నీరు నింపి, ఇంజను నడిపి, చుక్క పడకుండుట చూచుకొనుడు.

ఆ రంధ్రము లోపము గాదు, హెచ్చరిక. చెప్పుదాని నోరు మూసి, రోగము కుదిరినదనుకొంటిని.