విమానపు తలుపు రబ్బరు – భయపెట్టే చప్పుడు
(ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



75 ఏండ్ల పాఠశాల ఉత్సవంలో విమానపు తలుపు రబ్బరు గురించి మాట్లాడతానంటే కార్యనిర్వాహకులు కొంత సంకోచించారు. చిన్న విమానాల మరమ్మతు నా వృత్తి. తెలిసిన విషయమే మాట్లాడడం సభకు మర్యాద అనుకొని దీనినే ఎంచుకున్నాను.

కామాఠీపురానికి ఆ పేరు తెచ్చినవారు, పద్దెనిమిదవ శతాబ్దపు చివరి కాలం నుండి నిజాం సీమను వదలి వచ్చి ఈ నగరపు కట్టడాలలో చెమటోడ్చిన మన కామాఠీలు. తరువాతి తరాలలో మన పద్మశాలీలు ఎందరో వర్లీ, లోయర్ పరేల్ మిల్లులలో మగ్గాల ముందు నిలిచారు. ఆ మగ్గాల హోరులో పక్కవాని మాట వినబడదు. అయినా తన మగ్గం లయ తప్పితే నేతగాడు వెంటనే తల తిప్పేవాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత ఆ శాలలెన్నో మూగబోయాయి. అయితే ఆ చెవితో నా వృత్తిలో నేటికీ పని ఉన్నది.

మన చాళ్ళకు ఎంతో దూరం లేని జుహూ విమానాశ్రయం 1928లో వెలసింది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి టపా సంచులతో చిన్న పుస్ మాత్ విమానాన్ని నడిపి దిగింది అక్కడే. సముద్రం పక్కనే. ఎండ, ఉప్పుగాలి, నాలుగు నెలల వాన – రబ్బరుకూ జిగురుకూ ఇంతకంటె కఠిన పరీక్ష లేదు.

సెస్నా 152 వంటి రెండు సీట్ల శిక్షణ విమానానికి తలుపు అంచున రబ్బరు బీడింగు ఉంటుంది. అది ఒక మూల ఊడితే ఏమవుతుందో చాళ్ళలో పెరిగిన మనకు వేరే చెప్పనక్కరలేదు. వానాకాలంలో కప్పు మీది టార్పాలిన్‌కు కట్టిన తాడు ఒకటి వదులైతే రాత్రంతా ఎంత మోతో! చిరిగినది జానెడే అయినా కప్పంతా లేచిపోతున్నట్లు ఉంటుంది. విమానంలోనూ అంతే. ఒకసారి ఈల, ఒకసారి డప్పు, ఒక్కోసారి ఇంజనులో ఏదో విరిగి కొట్టుకుంటున్నట్లు టపటపలు. సీటు బెల్టు కొస తలుపు సందున బయట వేలాడినా ఇదే భ్రమ కలుగుతుంది. అందుచేత మొట్టమొదట చూడవలసినది బెల్టునే.

ఈ చప్పుడు నేల మీద ఎందుకు వినబడదు? గంటకు 180 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం. వేగం సగమైతే ఒత్తిడి నాలుగవ వంతే. పైగా పక్కల మీదుగా జారే గాలి తలుపు పై అంచును వెలుపలికి లాగుతుంది. ఆ సన్నని సందులో వదులు రబ్బరు రెపరెపలాడుతుంది. ‘పీడనం’ అనే మాట నేను ఈ బడిలోనే తెలుగులో నేర్చుకున్నాను. ఉద్యోగంలో పుస్తకాలన్నీ ఆంగ్లమే అయినా, విషయం ముందే బోధపడి ఉండడం వలన భాష ఒక్కటే కొత్తగా నేర్వవలసి వచ్చింది. తెలుగు మాధ్యమం అని జంకే తల్లిదండ్రులకు ఈ సంగతి మనవి చేస్తున్నాను.

ఇక ప్రమాదం ఎక్కడున్నది? సాధారణంగా ఆ రబ్బరులో లేదు, భయంలో ఉన్నది. ఈ తరహా విమానం తలుపు కొద్దిగా తెరచుకున్నా ఎగురుతూనే ఉంటుంది. తలుపు మూయాలని వంగి, వేగాన్నీ ఎత్తునూ మరచినవారు ప్రాణాలు కోల్పోయిన ఉదంతాలు ఉన్నాయి. ఒంటరిగా ఎగిరే విద్యార్థికి గురువు ముందే చెప్పి ఉంచవలసినది ఇదే: ముందు విమానం నడుపు, ఇంజను మీటర్లు చూడు, అవి సవ్యంగా ఉంటే మామూలుగా వచ్చి దిగు. చప్పుడు ఎక్కడిదో తరువాత వెదుకుదాం.

ఆ వెదకడానికి పాత ఉపాయం ఒకటున్నది. తలుపు సందును కొంత కొంతగా మాస్కింగ్ టేపుతో మూసి ఎగిరి చూస్తారు. ఏ భాగం మూసినప్పుడు చప్పుడు ఆగితే లోపం అక్కడ. అయితే టేపు అంటించిన చేయే దానిని లెక్కపెట్టి తీయాలి. 1996 అక్టోబరు 2న పెరూ దేశంలో ఒక పెద్ద విమానాన్ని కడిగేటప్పుడు, ఎత్తునూ వేగాన్నీ తెలిపే గాలి రంధ్రాల మీద అంటించిన టేపును తీయడం మరచారు. చీకటిలో సముద్రం మీద మీటర్లన్నీ అబద్ధం చెప్పాయి. 70 మందీ మరణించారు. ఆ టేపు ఏ చప్పుడూ చేయలేదు. అందుకే మోగే లోపాన్ని నేను సగం ఉపకారిగానే భావిస్తాను.

బాగుచేయడం తొందరపాటుకు లొంగని పని. ఊడిన మూలకు కాస్త జిగురు పూసి నొక్కితే వారం తిరగకుండా మళ్ళీ ఊడుతుంది. పాత రబ్బరునూ పాత జిగురునూ పూర్తిగా తీయాలి. తుడిచే ద్రావకం కిటికీ ప్లాస్టిక్‌కు తగిలితే సన్నని పగుళ్ళు పడతాయి, కనుక ముందే దానిని కప్పాలి. జిగురు రెండు వైపులా పలుచగా పూసి, వేలికి అంటీ అంటకుండా ఉన్నంతవరకు ఆగి, అప్పుడు అతకాలి. కొత్తవారి చేతులు ఇక్కడే రబ్బరును లాగుతాయి. లాగి అతికిన రబ్బరు నాలుగు రోజులలో ముడుచుకొని మూలల్లో సందు వదులుతుంది. అతుకు కింది అంచున రావాలి. మందంగా ఉంటే మంచిదని లావు రబ్బరు వేయరాదు. గడియ పూర్తిగా పడదు, అప్పుడు చప్పుడుకు బదులు తలుపే తెరచుకుంటుంది. తయారీదారు చెప్పిన రకమే వేయాలి, జిగురు ఆరడానికి చెప్పిన వ్యవధి ఇవ్వాలి.

ఆ పిమ్మట కాగితపు పరీక్ష. సన్నని కాగితపు పట్టీని సందున పెట్టి తలుపు మూసి లాగాలి. చుట్టూ ప్రతి జానకూ ఒకే తీరున బిగువు తెలియాలి. వదులుగా వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టి, ఆ మేరకు మళ్ళీ మొదటి నుండి పని. అన్నీ సరిపోయాక లైసెన్సు గల ఇంజనీరు చూసి లాగ్‌బుక్కులో సంతకం చేస్తాడు. విమానం గాలిలోకి లేస్తుంది. నేల మీద నిలిచిన మేము దిగి వచ్చిన పైలటును ఒక్కటే అడుగుతాము – ఏ వేగం దాకా నిశ్శబ్దంగా ఉన్నది?