కాలేజీ చదువుకు లాప్‌టాప్: కొనే ముందు చూడవలసినవి
(ఒక గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ మహాజన సభలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఆడిట్ గూర్చి, వాటా ధనం గూర్చి నేను చెప్పవలసినది ఇంతకుముందే చెప్పాను. మిగిలిన సమయంలో మరొక విషయం మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. సభ్యుల పిల్లలు చాలామంది ఈ యేడు డిగ్రీలోనూ, ఇంజనీరింగులోనూ చేరుతున్నారు. ప్రతి ఇంట్లోనూ లాప్‌టాప్ కావాలన్న మాట వినబడుతున్నది. ఎంత పెట్టాలి, ఏది కొనాలి అని తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు. నేను డిప్లొమా చదివినవాణ్ణే గాని కంప్యూటరు పండితుణ్ణి కాను. అయితే మా ఇంట్లో ఇద్దరు పిల్లలకు కొన్నాను, మా కార్యాలయంలో కొనుగోళ్ళూ చూశాను. తెలిసినంత చెబుతాను.

ముందుగా లెక్క చూద్దాం. దాణా, పశుగ్రాసం, మందులు అన్నీ పోను పక్షం పాల బిల్లులో మీకు 3 వేలు మిగులుతుందని అనుకుందాం. 42 వేల లాప్‌టాప్ అంటే 14 పక్షాలు, అనగా ఏడు నెలల మిగులు. అదే 84 వేలది అయితే 28 పక్షాలు, పద్నాలుగు నెలలు. గేదె ఒక ఈతలో పాలిచ్చేది సుమారు పది నెలలు. కావున రెండో రకం కొన్నవాడు ఒక ఈత పాలు యావత్తూ ఇచ్చి, ఇంకా వచ్చే ఈతలో నాలుగు నెలలు బాకీ పడ్డాడన్నమాట. ఈ లెక్క వేసుకోకుండా దుకాణం మెట్లు ఎక్కవద్దు.

ఎందుకు చెబుతున్నానంటే, నేను తనిఖీకి వెళ్ళే ఒక సంఘంలో ఒక సభ్యుడు రెండో ఈత గేదెను, పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేదాన్ని, బేరానికి పెట్టాడు. కూతురికి కాకినాడలో బి.టెక్. సీటు వచ్చింది. దుకాణంలో అబ్బాయి 84 వేల యంత్రం చూపించి, ఇంజనీరింగుకు ఇంతకు తక్కువైతే పనికిరాదన్నాడట. అది ఆటలు ఆడుకొనేవారి కోసం చేసిన యంత్రం. వెనుక ఎర్ర దీపాలు, లోపల రెండు ఫ్యాన్లు. బరువు రెండుంబావు కిలోల పైన, చార్జరు ఇటుకంత. ఆ అమ్మాయినే పిలిచి, మొదటి సంవత్సరంలో మీకేం నేర్పుతారమ్మా అని అడిగాను. "సి భాష, తరువాత పైథాన్ అంట సార్" అన్నది. ఆ రెండూ సాధారణ యంత్రం మీద హాయిగా నడుస్తాయి. గేదె అమ్మకం ఆగింది. ఆ తల్లి ఇప్పటికీ ఆ గేదె పాలే కేంద్రంలో పోస్తున్నది.

ఇక యంత్రం సంగతి. గేదెను కొనేటప్పుడు మీరు కొమ్ములు, రంగు చూసి డబ్బివ్వరు. ఎన్నో ఈత అని అడుగుతారు, పళ్ళు చూస్తారు, పొదుగు తడుముతారు, రెండు మూడు పూటలు ఎదురుగా పిండించి చూస్తారు. లాప్‌టాప్‌లోనూ మొదట అడగవలసినది "ఎన్నో తరం?" అనే. లోపలి ప్రాసెసరుకు ఐ3, ఐ5, ఐ7 అని పేర్లుంటాయి. ఐ5 అన్నాడు గనుక ఐ3 కంటె మేలు అని అనుకోవడం పొరబాటు. పన్నెండో తరం ఐ3లో, ఉదాహరణకు ఐ3-1215యు అనే దానిలో, ఆరు కోర్లున్నాయి. ఏడో తరం ఐ5 లాప్‌టాప్ చిప్పుల్లో సాధారణంగా రెండే కోర్లు. ఐ3 అన్న మాట తరువాత వచ్చే అంకెల్లో మొదటివి తరాన్ని చెబుతాయి. 1215లో 12 అంటే పన్నెండో తరం. 2023 తరువాత ఇంటెల్ కంపెనీ ఈ పేర్లు మార్చి కోర్ 3, కోర్ 5, కోర్ అల్ట్రా అని పెట్టడం మొదలుపెట్టింది. పాత సరుకూ, కొత్త సరుకూ దుకాణంలో పక్కపక్కనే ఉంటాయి గనుక పూర్తి నంబరు కాగితం మీద రాయించుకోండి.

ఎ.ఎం.డి. కంపెనీ రైజెన్‌లో మరొక తిరకాసు ఉన్నది. 7000 వరుసలో మూడో అంకె చూడాలి. రైజెన్ 5 7520యు అనేదానిలో మూడో అంకె 2. అంటే లోపలి నిర్మాణం జెన్ 2, 2019 నాటిది. 7530యు లో మూడో అంకె 3. అది జెన్ 3, మేలైనది. రెంటికీ పెట్టె మీద "రైజెన్ 5" అనే ఉంటుంది. వెన్న శాతం రాయకుండా "గేదె పాలు" అని మాత్రం రాసిన డబ్బా వంటిది.

ప్రాసెసరు ఒక్కటే మంచిదైతే చాలదు. వెన్న ఉండి ఎస్.ఎన్.ఎఫ్. తగ్గితే మన పాలకు పూర్తి ధర రాదు కదా. అట్లే ర్యామ్, నిల్వ డిస్కు రెండూ చూడాలి. ర్యామ్ 8 జి.బి.కి తగ్గవద్దు. బి.కాం., బి.ఏ., బి.యస్సీ. చదువుకు అది సరిపోతుంది. కంప్యూటర్ సైన్సు, సివిల్, మెకానికల్ వారికి 16 జి.బి. కావలసి వస్తుంది. ఇప్పుడు 8 కొని తరువాత పెంచుకొందామనుకొనేవారు ఒక ప్రశ్న తప్పక అడగాలి: ర్యామ్ పెట్టడానికి ఖాళీ గడి ఉన్నదా, లేక బోర్డుకే అతికించారా? అతికించిన దాన్ని పెంచడం కుదరదు. ఇందాక చెప్పిన 7520యు యంత్రాలలో ర్యామ్ అతికించేదే. 2025 చివరి నుండి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి గనుక, తరువాత వేయించుకొనే ఖర్చు కూడా ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

డిస్కు తప్పనిసరిగా ఎస్.ఎస్.డి. కావాలి. పాత హార్డ్ డిస్కులో పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. బస్సు కుదుపులకు దెబ్బతినేదీ, యంత్రాన్ని నత్తనడక నడిపించేదీ అదే. 512 జి.బి. ఉంటే నాలుగేళ్ళకు చాలు. చాలా చవకగా వచ్చే కొన్ని కొత్త యంత్రాలలో 64 జి.బి., 128 జి.బి. ఇ.ఎం.ఎం.సి. అనే నిల్వ, సెలెరాన్ ప్రాసెసరు, 4 జి.బి. ర్యామ్ ఉంటాయి. విండోస్ తాలూకు నవీకరణలకే ఆ చోటు నిండిపోతుంది. కొత్తది గదా అని వాటి జోలికి పోవద్దు. నా అభిప్రాయంలో దానికంటె మంచి సెకండ్ హ్యాండు నయం.

బరువు, బ్యాటరీ విషయం పిల్లలు ఆలోచించరు, మోసేది వాళ్ళే అయినా. హాస్టలు నుండి కాలేజీకి, పండుగకు ఊరికి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని వచ్చే వస్తువు ఇది. 14 అంగుళాల తెర గలది కిలో నాలుగు వందల గ్రాముల దరిదాపుల్లో దొరుకుతుంది. 15.6 అంగుళాలది కిలోన్నర దాటుతుంది. తెర 1920 గుణకం 1080 చుక్కలు, అంటే ఫుల్ హెచ్.డి., ఐ.పి.ఎస్. రకం అయితే కంటికి శ్రమ తక్కువ. బ్యాటరీకి పెట్టె మీద "10 గంటలు" అని రాస్తారు. అది దీపం తగ్గించి ఏ పనీ పెట్టనప్పటి మాట. మీరు వాట్-అవర్ అంకె అడగండి. 42 వాట్-అవర్ల బ్యాటరీ, మామూలు రాతపనిలో గంటకు 8 వాట్-అవర్లు తిన్నదనుకుంటే, అయిదు గంటలు వస్తుంది. 56 అయితే ఏడు గంటలు. తరగతి గదిలో అరవైమందికి నాలుగు ప్లగ్గులుండే చోట ఈ రెండు గంటల తేడా చిన్నది కాదు.

సెకండ్ హ్యాండు గూర్చి. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్ళు వాడి మార్చేసిన లాప్‌టాప్‌లను శుభ్రపరచి అమ్ముతారు. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరు అందరికీ తెలిసినదే. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగుళూరులో ఎస్.పి. రోడ్ ఉన్నాయి. కార్యాలయాల కోసం చేసినవి గనుక మడతలు, కీలు గట్టిగా ఉంటాయి. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 సక్రమంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో సామాన్యంగా ఎనిమిదో తరం, అనగా 2017 తరువాతిది, కావాలి. అంతకు పాతది ఎంత నిగనిగలాడినా వద్దు.

బ్యాటరీ ఎంత మిగిలిందో చూడడం సులువే. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సి.ఎఫ్.జి. బ్యాటరీ రిపోర్టు ఆజ్ఞ ఇవ్వమని అడగండి. పిల్లలకు తెలుస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు వస్తాయి. మొదటిది 50 వేలు, రెండోది 31 వేలు ఉంటే నూటికి 62 పాళ్ళే మిగిలిందన్నమాట. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. ప్రతి కీ నొక్కి చూడండి. కెమెరా, వై-ఫై పరీక్షించండి. అరగంట నడిపించి వేడి చూడండి. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర కొనవద్దు, అది దొంగసొత్తు కావచ్చు.

ఇక డబ్బు. "వడ్డీ లేని వాయిదాలు" అని బోర్డులు పెడతారు. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కానికి 40 వేలకు ఇచ్చే వస్తువును ఆరు వాయిదాల్లో నెలకు 7 వేల చొప్పున ఇచ్చి, పైన 700 ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటే, మీరు కట్టేది 42,700. ఆ 2,700 వడ్డీ కాక మరేమిటి? రొక్కపు ధర ఎంత, వాయిదాలన్నీ కలిపి ఎంత అని రెండూ రాయించుకొని పోల్చండి.

దీనికంటె మంచి దారి ఒకటున్నది. విద్యా రుణం తీసుకొనేవారు గమనించాలి. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ మాదిరి విద్యా రుణ పథకంలో చదువుకు అవసరమైతే కంప్యూటరు కొనుగోలు కూడా, సమంజసమైన ధరకు, రుణంలో చేర్చవచ్చు. చాలామంది ఫీజు, హాస్టలు మాత్రమే రాసి ఇచ్చి, లాప్‌టాప్‌ను బయట అధిక వడ్డీకి కొంటున్నారు. దరఖాస్తు సమయంలోనే కొటేషను జతచేయండి.

సంఘం అప్పు ఇవ్వరాదా అని వెనుక నుండి ఎవరో అడుగుతున్నారు. రిజర్వు నిధి అందుకు కాదు. ఉపనిబంధనల్లో లేని అప్పును అడ్వాన్సు అని రాసినా, మరో పేరు పెట్టినా ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, పాలకవర్గం జవాబు చెప్పుకోవాలి. కార్యదర్శిగారు సంఘం ముద్ర వేసి దుకాణానికి హామీ ఇవ్వడం అసలే కూడదు. మీరు చేయదగినది వేరే ఉన్నది. అయిదారు ఇళ్ళవారు కలిసి ఒకే రోజు ఒకే దుకాణానికి వెళ్ళండి. అయిదు యంత్రాల బేరానికి వాడు దిగుతాడు, లేదా మౌసు, సంచి అయినా ఇస్తాడు. దానికి తీర్మానం అక్కర్లేదు.

సాఫ్ట్‌వేరుకు డబ్బు పోయనక్కర్లేదు. లిబ్రెఆఫీసు ఉచితం, అందులో తెలుగు రాసుకోవచ్చు. కాలేజీ ఇచ్చే ఈ-మెయిల్‌తో అర్హత గల విద్యాసంస్థల విద్యార్థులకు మైక్రోసాఫ్ట్ ఆఫీసు ఉచితంగా వస్తుంది. ఆటోకాడ్ కూడా ఆటోడెస్క్ కంపెనీ విద్యార్థులకు ఉచితంగా ఇస్తున్నది. దుకాణంలో వేసి ఇచ్చే దొంగ కాపీలు వద్దు, వాటితోబాటు వైరసు వస్తుంది. విండోస్ లేకుండా తక్కువ ధరకు అమ్మే యంత్రం చూపితే, విండోస్ విడిగా కొనవలసి వస్తుందని గుర్తుంచుకోండి. కంప్యూటర్ సైన్సు పిల్లలైతే ఉబుంటు వేసుకొని నడుపుకోగలరు, అది ఉచితం.

ఒక మాట కొంచెం కటువుగా చెబుతాను. కొడుక్కి కొత్త లాప్‌టాప్, కూతురికి అన్నయ్య వాడి వదిలేసిన సెల్‌ఫోను అన్న ఏర్పాటు నేను కొన్ని ఇళ్ళలో చూశాను. ఆ ఇళ్ళలో తెల్లవారుజామున పాలు పిండేది ఆడవాళ్ళే, పాల బిల్లూ వాళ్ళ పేరనే వస్తున్నది. ఫోనులో పాఠం వినవచ్చు. నలభై పేజీల ప్రాజెక్టు రిపోర్టు రాయడం, ప్రోగ్రాము రాసి సరిచూడడం దానితో అయ్యే పని కాదు. ఒక్కటే కొనగలిగితే ఇద్దరిలో ఎవరి చదువుకు ముందు కావాలో చూసి కొనండి.

(ప్రసంగానంతరం ఒక సభ్యురాలు, "కాలేజీలో చేర్చే ముందే కొనాలా అండీ?" అని అడిగారు. ఇన్‌స్పెక్టరుగారి సమాధానం:)

అక్కర్లేదమ్మా. తరగతులు మొదలయ్యాక, ఆ విభాగంలో ఏ సాఫ్ట్‌వేరు వాడతారో మాష్టార్లనూ, పై సంవత్సరం పిల్లలనూ అడిగి కొనమనండి. మొదటి నెలల్లో ప్రాక్టికల్సుకు లాబ్ ఉంటుంది. కొనేటప్పుడు దగ్గరి పట్టణంలో ఏ కంపెనీకి సర్వీసు కేంద్రం ఉన్నదో చూసి ఆ కంపెనీది తీసుకోండి. నీళ్ళు పడినా, కింద పడినా మామూలు వారంటీ వర్తించదు, పిల్లకు ముందే చెప్పండి. బిల్లు పిల్ల పేరున తీసుకొని, దాని మీది సీరియల్ నంబరూ యంత్రం అడుగున ఉన్న నంబరూ ఒకటేనా అని దుకాణంలోనే సరిచూసుకోండి. ఆ అట్టపెట్టెను మటుకు వారంటీ అయ్యేదాకా అటక మీద భద్రంగా ఉంచండి, దాణా చెంచాలు పెట్టుకోవడానికి వాడేయకండి.