ప్లగిన్ పాఠం స్పష్టంగా ఉండాలంటే



పురపాలక పటంలో వార్డుల హద్దులను, నీటి గొట్టాలను గుర్తించేందుకు క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉపకరిస్తుంది. పైథాన్ భాషలో ప్లగిన్ వ్రాసి దానికి కొత్త పనులు చేర్చవచ్చు. నంది ప్రాంతంలో ఇంట తెలుగు, బడిలో కన్నడం, కంప్యూటరులో ఇంగ్లీషు ఎదురయ్యే విద్యార్థి, పాఠం అర్థం కాకపోతే లోపం తనదేనని తలచి విరమిస్తాడు. ఆ లోపం పాఠానిది.

ప్లగిన్ ఫోల్డరును ఎక్కడ ఉంచాలో ముందే చెప్పాలి. స్థానం తప్పితే అది జాబితాలోనే కనబడదు. తెరపై బటన్‌ను చేర్చే ‘ఇనిట్‌జీయూఐ’తోపాటు దానిని తొలగించే ‘అన్‌లోడ్’నూ నేర్పాలి, లేకుంటే ప్లగిన్‌ను ఆపినా బటన్ మిగిలిపోతుంది. ప్రతి మెట్టు చివర తెరపై ఏమి కనబడాలో వ్రాయాలి.

అచ్చుకు ముందు పాఠాన్ని కొత్తవారి చేత చేయించాలి. వారు ఆగిన చోటనే సవరణ మొదలు కావాలి.